పిల్లలకు డిప్రెషన్ మాత్ర మొదలుపెట్టాక తొలి వారాల్లో ఏం గమనించాలి?

మీ పదిహేనేళ్ల అమ్మాయికి డాక్టరు ఫ్లూయాక్సెటిన్ అనే డిప్రెషన్ మాత్ర రాశారనీ, మందు కాగితంలో ఆత్మహత్య ఆలోచనల గురించిన హెచ్చరిక చదివి మాత్ర మొదలుపెట్టడానికే భయపడుతున్నాననీ రాశారు. మీ భయం అకారణం కాదు. రెండేళ్ల క్రితం ఇక్కడ బెంగళూరులో ఇదే మందుతో మా అబ్బాయి పడిన బాధ చెబుతాను.

అప్పటికి వాడికి పద్నాలుగేళ్లు. మాత్ర మొదలైన ఐదో రోజు రాత్రి ఒంటిగంటకు అడుగుల చప్పుడు వినబడి లేచాను. హాల్లోంచి వంటింటి గడప దాకా, మళ్లీ వెనక్కి, ఆగకుండా తిరుగుతున్నాడు. కూర్చోమంటే రెండు నిమిషాలు మోకాళ్లు గట్టిగా పట్టుకుని కూర్చుని, "లోపల్నుంచి ఎవరో తోస్తున్నట్టుంది, కూర్చోలేనమ్మా" అన్నాడు. క్లినిక్‌కు ఫోన్ చేస్తే అది జబ్బు లక్షణమేననీ, ఓపిక పట్టమనీ చెప్పారు. ఆ మాట నమ్మి మరో తొమ్మిది రోజులు ఊరుకున్నందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. చివరికి ఇక్కడి పెద్ద మానసిక వైద్యశాల నిమ్హాన్స్‌కు తీసుకువెళితే అక్కడి డాక్టరుగారు ముందుగా అడిగింది ఒక్కటే: "మాత్రకు ముందు ఇలా తిరిగేవాడా?" లేదన్నాను. దీన్ని అకతీసియా అంటారనీ, మందు వల్ల వచ్చే ఈ అశాంతి ముదిరితే చనిపోవాలన్న ఆలోచనలు కూడా రావచ్చనీ వివరించి, మోతాదు సగానికి తగ్గించారు. ఈ మందు ఒంట్లో వారాల తరబడి నిలుస్తుంది కనుక అశాంతి మెల్లగానే తగ్గింది.

మీరు చదివిన హెచ్చరికను అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లో తప్పనిసరి చేసింది. ఇలాంటి మందులను రోగులపై పరీక్షించిన 24 ట్రయల్స్‌లోని సుమారు 4,400 మంది పిల్లల వివరాలు కలిపి చూస్తే, ఆత్మహత్య ఆలోచనలు, ప్రయత్నాలు పోలిక కోసం ఇచ్చిన, మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 2 శాతం మందికీ, అసలు మందు వేసుకున్నవారిలో 4 శాతం మందికీ కనిపించాయి. వారిలో ఎవరూ ప్రాణం తీసుకోలేదు. వైద్యం అందని డిప్రెషన్ కూడా ప్రాణాంతకమే కనుక మాత్ర వద్దని నేను చెప్పను.

అయితే మొదటి మాత్రకు ముందే అమ్మాయి నిద్ర, తిండి, కోపం, మాట తీరు ఎలా ఉన్నాయో ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. మా దగ్గర అది లేకనే అంత ఆలస్యమైంది. తొలి వారాల్లోనూ, మోతాదు మార్చిన ప్రతిసారీ కొత్తగా అశాంతి, నిద్రలేమి, చిరాకు, మితిమీరిన హుషారు కనిపిస్తే అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగకుండా ఆ రోజే డాక్టరుగారికి చెప్పండి. మీ అంతట మీరు మాత్ర ఆపకండి. చావు మాట ఎత్తితే ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకువెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు. మాత్రల స్ట్రిప్పులు మాత్రం బీరువాలో పెట్టి తాళం వేసి, రోజూ మీ చేత్తోనే ఇవ్వండి.