అందరికీ ఒకే ఫోన్ నంబరా!

ప్రశ్న: సార్, మా మావయ్యకి తెనాలిలో ఎరువుల కొట్టు ఉంది. అరువు ఖాతాలన్నీ పుస్తకంలోంచి మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లోకి ఎక్కించే పని నాకు అప్పజెప్పారు. ఎక్కించేటప్పుడు ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. ఇప్పుడు చూస్తే రైతులందరి ఫోన్ నంబరూ 2147483647 అనే ఉంది! తేదీల వారీగా బాకీలు తీసినా వరస తప్పుతోంది. ఇది వైరస్సా? మావయ్యకి ఇంకా చెప్పలేదు, టెన్షన్‌గా ఉంది.
– బీసీఏ విద్యార్థి, తెనాలి

జవాబు: వైరస్ కాదు, ఫోన్ కాలమ్‌కి మీరు ఇంట్ అనే పూర్ణసంఖ్యల టైప్ పెట్టారు. ఇంట్‌కి ఉండేవి నాలుగు బైట్లే, వాటిలో పట్టే అతి పెద్ద సంఖ్య సరిగ్గా ఆ 2147483647, అంటే 214 కోట్ల చిల్లర. మన మొబైల్ నంబర్లేమో ఆరు నుంచి తొమ్మిది లోపు అంకెతో మొదలవుతాయి కాబట్టి ఎంత చిన్న నంబరైనా 600 కోట్ల పైమాటే, ఇంక ఎక్కడ పడుతుంది? పట్టనప్పుడు ఎర్రర్ ఇచ్చి ఆగిపోవాలి. కానీ పట్టని విలువల్ని తిప్పికొట్టే స్ట్రిక్ట్ మోడ్ లేకపోతే మైఎస్‌క్యూఎల్ తనకి పట్టే ఆ అతి పెద్ద సంఖ్యనే రాసేసుకుని, ఓ వార్నింగ్ పడేసి ఊరుకుంటుంది. ఆ వార్నింగ్ ఎవరు చూస్తారు, నేనూ చూసేవాణ్ణి కాదు. 5.7 వెర్షన్ నుంచి స్ట్రిక్ట్ మోడ్ ముందే ఆన్ అయి వస్తోంది, మీది అంతకన్నా పాతదై ఉండాలి, లేదా ఎవరో ఆపేసి ఉండాలి.

ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే బిగ్‌ఇంట్ పెడితే పడుతుంది కానీ పెట్టకండి. ఇద్దరు రైతుల ఫోన్ నంబర్లు ఎప్పుడైనా కూడతామా? కూడికా తీసివేతా లేనిది అంకెల్లో ఉన్నా అక్షరాల కిందే లెక్క. పైగా గుంటూరు ల్యాండ్‌లైన్ కోడ్ 0863 ఇంట్‌లోకి వెళ్తే 863 అయిపోతుంది, ముందున్న సున్నా మాయం. పదిహేను అక్షరాల దాకా పట్టే వార్‌చార్ 15 పెట్టేయండి. బాకీ మొత్తాలకి మాత్రం డెసిమల్ 12,2, అంటే మొత్తం 12 అంకెలు, అందులో పైసలకి రెండు. ఒకవేళ అక్కడ సంఖ్యల్ని సుమారుగా దాచే ఫ్లోట్ పెట్టి ఉంటే ఇవాళే మార్చండి, ఎందుకంటే ఫ్లోట్ కాలమ్‌లో 1234567.89 వేసి తిరిగి అడిగితే 1234570 అని చూపిస్తుంది, మీ మావయ్య ఊరుకోరు.

తేదీలు కూడా వార్‌చార్‌లోనే ఉన్నట్టున్నాయి. అక్షరాలుగా పోలిస్తే 02-01-2023 కంటే 01-12-2024 ముందొస్తుంది, అందుకే ఆ వరస. ఉన్న కాలమ్‌నే ఆల్టర్ చేసి డేట్‌గా మార్చబోకండి. ముందు బ్యాకప్ తీసి, పక్కన కొత్త డేట్ కాలమ్ ఒకటి చేర్చి, అక్షరాల్ని తేదీగా మార్చే స్ట్ర్-టు-డేట్ ఫంక్షన్‌తో నింపండి. ఫార్మాట్‌లో సంవత్సరానికి పెద్ద వై వాడాలి, చిన్న వై వాడితే 2024లో ముందు 20 మాత్రమే తీసుకుని 2020 అనుకుంటుంది. అప్‌డేట్ కొట్టేముందు అదే ఫంక్షన్ ఏమీ మార్చకుండా చూపించే సెలెక్ట్‌లో పెట్టి చూడండి, నల్ (అంటే ఖాళీ) వచ్చిన వరసల్లో ఎవరో 15/3/23 అనో ‘సంక్రాంతికి’ అనో కొట్టి ఉంటారు. అవి చేత్తో దిద్దుకోవాల్సిందే. అన్నీ సరిపోయాకే పాత కాలమ్ తీసేయండి.

పోయిన ఫోన్ నంబర్లు మాత్రం ఏ టైప్‌కి మార్చినా తిరిగి రావు, టేబుల్‌లో ఆ అంకెలే లేవు. ఖాతా పుస్తకం అటక మీద ఉంటే దింపండి, లేకపోతే మావయ్య ఫోన్ అడిగి తీసుకోండి, చాలామంది నంబర్లు అందులోనే దొరుకుతాయి. ఎందుకని అడుగుతారు, చెప్పక తప్పదు మరి.