అమ్మడూ, ముందు కళ్లద్దాలు

అమ్మడూ,

నిన్న మీ అమ్మ ఫోన్‌లో ఏవో కబుర్లు చెబుతూ, "నీ మనవరాలు మరలు కోసే ట్యాపుల సెట్టు కొనుక్కుంది నాన్నా, ఇనప పలకకి పదహారు రంధ్రాలు పెట్టి, వాటిలో మరలు తనే కొడుతుందట" అంది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను. పడుకున్నాక మాత్రం నిద్ర రాలేదు. లేచి ఇది రాస్తున్నాను.

నీ దగ్గర కళ్లద్దాలు ఉన్నాయా? చదువుకునేవి కాదు, పక్కలు కూడా మూసి ఉండే పని అద్దాలు. లేకపోతే ఉత్తరం ఇక్కడే ఆపి ముందు అవి తెచ్చుకో.

ఎం8 బోల్టులట కదా, అంటే ఎనిమిది మిల్లీమీటర్ల లావు. పిచ్, అంటే మర చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం, 1.25. ఎనిమిదిలోంచి తీసేస్తే 6.75, కాబట్టి 6.8 బిట్ వాడు. మర ఇంకా గట్టిగా పట్టాలని 6.5 పెట్టావో, మరకి పెద్దగా బలమేమీ రాదు గానీ ట్యాప్ ప్రాణం మీదికొస్తుంది. సెంటర్ పంచ్‌తో చిన్న గుంట కొట్టు, సన్న బిట్‌తో దారి చెయ్యి, తర్వాత 6.8, చివర రంధ్రం మూతికి కాస్త చాంఫర్, అంటే అంచుని ఏటవాలుగా చెక్కు. జడ ముడేసుకో. డ్రిల్ తిరుగుతుండగా గ్లవ్స్ వద్దు. ఇవన్నీ నీకు తెలిసినవే, చెప్పకపోతే నాకు తోచదు.

రంధ్రాలు అవతలికి వెళ్లకుండా సగంలో ఆపుతావట, అడుగు నున్నగా కనిపించాలని. అడుగు ఎవరు చూస్తారే? పలకని తలకిందులుగా వేలాడదీస్తావా? అవతలికి వెళ్లే రంధ్రమైతే రజను కింద రాలిపోతుంది, ట్యాప్‌కి గుద్దుకునే అడుగు ఉండదు. కాదూ కూడదంటావా, మీ అమ్మ మొండితనం నీకూ వచ్చిందంటావా, సరే. నీ పలక 25 మిల్లీమీటర్ల మందం కాబట్టి మర 12 కావాలంటే రంధ్రం 18 దాకా దింపు. ఆ 18లో బిట్ మొన లెక్కలోకి రాదు. మొన కోసుగా ఉంటుంది, అక్కడ మర పడదు. ట్యాప్ మీద లోతు గుర్తుకి చిన్న టేపు ముక్క చుట్టుకో.

సెట్టులో మూడు ఉంటాయి. చాలా సెట్లలో తోక మీద ఒక గీత ఉన్నది మొదటిది, రెండు గీతలది రెండోది, గీత లేనిది ఆఖరిది. మొదటిది మూతి దగ్గర బాగా సన్నమై ఉంటుంది, అందుకే నిటారుగా దిగుతుంది. దాన్ని దాటేసి రెండోదానితో మొదలుపెట్టే తెలివితేటలు నాకూ ఉండేవి ఒకప్పుడు. రెండు మూడు చుట్లు దిగాక ట్యాప్ తిప్పే రెంచ్ తీసి పక్కన పెట్టు. మూలమట్టం ఆనించి ముందు నుంచి చూడు, పక్క నుంచి చూడు. ఒరిగి ఉంటే సరిచేసుకోవాల్సింది అప్పుడే. ఆరు చుట్లయ్యాక నెట్టి సరిచేద్దామనుకుంటే అది వంగదు, విరుగుతుంది. రెండు చేతులూ రెంచ్ రెండు పిడుల మీదా సమానంగా ఉండాలి. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. వెనక్కి తిప్పినప్పుడు లోపల రజను తెగిన చప్పుడు చేతికి తెలుస్తుంది, చెవికి కాదు. ఉక్కు కదా, కటింగ్ ఆయిల్ ధారాళంగా పొయ్యి. ఎప్పుడైనా అల్యూమినియం మీద పని పడితే కిరోసిన్ చాలు. పోత ఇనుముకి అసలు నూనే వద్దు, పొడితో కలిసి ముద్ద కడుతుంది.

పోత ఇనుము అన్నాను కదా. నువ్వు మూడో క్లాసులో ఉన్నప్పుడు, "తాతయ్యా, పేపరు చదివేటప్పుడు తల పక్కకి ఎందుకు వాలుస్తావు" అని అడిగావు. మెడనొప్పి అన్నాను. మెడకేమీ కాలేదమ్మా.

నాకప్పుడు 20 ఏళ్లు. ఒక పంపు కేసింగ్‌కి ఎనిమిది రంధ్రాలు, ఎం10, అన్నీ సగంలో ఆగేవే. ఏడు అయ్యాయి. సాయంత్రమైంది, అందరూ చేతులు కడుక్కుంటున్నారు. ఎనిమిదోది కూడా కొట్టేసి మేస్త్రీ చేత శభాష్ అనిపించుకోవాలి. మూడో ట్యాప్ పెట్టే ముందు రంధ్రంలో పొడి తియ్యాలి, తియ్యలేదు. ట్యాప్ సగం దిగి బిగుసుకుంది. తిప్పితే తిరుగుతోంది, వదిలితే స్ప్రింగులా వెనక్కొస్తోంది. అమ్మడూ, ఆ వెనక్కి రావడం గుర్తుపెట్టుకో. ట్యాప్ కొయ్యడం మానేసి మెలితిరుగుతోందన్నమాట. నేనేం చేశాను? రెంచ్ పిడికి పైపు ముక్క తొడిగాను.

'టక్' మంది. అంతే, చిన్న చప్పుడు.

రంధ్రం మూతికి కాస్త లోపల విరిగింది. చుట్టూ చూశాను, ఎవరూ చూడలేదు. అప్పుడైనా మేస్త్రీని పిలవాలా? పంచ్, సుత్తి తీసుకుని, లోపలే ముక్కలు చేసి తీసేద్దామని కొట్టాను. ట్యాప్ ఉక్కు గట్టిదే గానీ పెళుసు, గాజులా చిట్లుతుంది. మూడో దెబ్బకి ఒక పలుకు ఎగిరి ఎడమ కంట్లో దిగింది. డాక్టరు తీశాడు, చూపు పోలేదు. కానీ ఆ కంటికి ఇప్పటికీ ప్రతి దీపం చుట్టూ మసక వలయం ఉంటుంది. రజను పడిందని ఇంట్లో చెప్పాను. మీ అమ్మమ్మకీ అదే చెప్పాను. ఇన్నేళ్లూ అదే.

మర్నాడు కట్టుతో వెళితే మేస్త్రీ ఒక్క మాట అనలేదు. నా చేతికి లైటు ఇచ్చి పట్టుకోమన్నాడు. విరిగిన ట్యాప్ గాడుల్లోకి నాలుగు సన్నటి ఉక్కు తీగలు దింపి, వాటిని కలిపి పట్టుకుని, నూనె వేస్తూ, రవ్వంత ముందుకి రవ్వంత వెనక్కి ఆడిస్తూ మధ్యాహ్నానికి బయటికి తీశాడు. కేసింగ్ బాగానే ఉంది. నేను లైటు పట్టుకుని ఒంటికన్నుతో చూస్తూ నిలబడ్డాను.

కాబట్టి నీకు విరిగితే సుత్తి జోలికి పోకు. కీచుమంటే ఆపు, స్ప్రింగులా వెనక్కొస్తే ఆపు, వెనక్కి తిప్పి బయటికి తీసి తుడువు. లోపలి రజనుని అయస్కాంతంతో తియ్యి, లేదా పలకని బోర్లించి తట్టు. నోటితో ఊదకు, అది సూటిగా కళ్లలోకే వస్తుంది.

నా పాత రెంచ్ పంపిస్తున్నాను. ఒక పిడి కొంచెం వంగి ఉంటుంది, పైపు తొడిగింది దానికే. దాంతో పని చెయ్యకు, నీ సెట్టులోదే వాడు. ఊరికే నీ దగ్గర ఉంటుందని.

మొదటి రంధ్రం అవగానే నాకు ఫోన్ చెయ్యి, ఎలా వచ్చిందో చెప్పు. పదిహేను అయ్యాక, పదహారోది మొదలుపెట్టే ముందు ఇంకోసారి చెయ్యి. అప్పటికి పొద్దుపోయి ఉంటే మాత్రం మర్నాడు చేద్దువుగాని, ఫోనూ, రంధ్రమూ.

తాతయ్య