ఫ్లెక్సీ మీద ర్యాంకు నమ్మొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయికి ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ దగ్గర పడింది. దేవరకొండ బస్టాండు దగ్గర ఏ కాలేజీ ఫ్లెక్సీ చూసినా ఏదో ఒక ర్యాంకు ఉంది సార్. ఒకటే టెన్షన్. ఏది నమ్మాలి?
– ఒక తండ్రి, దేవరకొండ

జవాబు: ముందు ఆ ర్యాంకు ఇచ్చిందెవరో చూడండి. ఎన్నడూ పేరు వినని సంస్థ అయితే అక్కడే వదిలేయండి. కేంద్రం 2016 నుంచి ప్రకటిస్తున్న కాలేజీల ర్యాంకుల జాబితా, ఎన్‌ఐఆర్‌ఎఫ్, కొంత నయం. అయినా అందులోనూ చాలా లెక్కలు కాలేజీలు తమ గురించి తాము రాసిచ్చుకున్నవే. పెళ్లిచూపుల్లో అబ్బాయి జీతం అబ్బాయి తరఫువాళ్లే చెప్పినట్టు. అమెరికాలో కొలంబియా యూనివర్సిటీ అంతటిది కూడా 2022లో దొరికిపోయింది. ఇచ్చిన అంకెలు సరిగా లేవని అక్కడి లెక్కల ప్రొఫెసరే బయటపెట్టారు. అక్కడి ర్యాంకుల జాబితాలో 2వ స్థానం నుంచి 18కి జారింది!

ఇంకోటి. ఎన్‌ఐఆర్‌ఎఫ్ ఇంజినీరింగ్ ర్యాంకులో 30 శాతం మార్కులు పరిశోధన, దానికి సంబంధించిన పనులకే. మొదటి ఏడాది మీ అమ్మాయికి మ్యాథ్స్ ఎవరు చెబుతారో అందులో కనబడదు. నల్లగొండలో ఏళ్లతరబడి పాఠాలు చెప్పినవాణ్ని, నాకైతే అదే ముఖ్యం.

ర్యాంకు పక్కన పెట్టి, ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు కాలేజీ ఇచ్చిన వివరాల పత్రం తెరవండి. ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, మధ్యస్థ జీతం ఎంత అన్నది ఉంటుంది. ఫ్లెక్సీ మీది పెద్ద ప్యాకేజీ ఒక్కడిది. మధ్యస్థ జీతమంటే, ఉద్యోగం వచ్చినవాళ్లలో దాదాపు సగంమందికి అంతకంటే తక్కువే.

తర్వాత అదే బ్రాంచి మూడో సంవత్సరం పిల్లల్ని క్యాంటీన్ దగ్గర పట్టుకుని, ల్యాబులు నిజంగా నడుస్తున్నాయా అని అడగండి. ప్రిన్సిపాల్‌ను మాత్రం అడగొద్దు.