బాబాతుండే ఒలతుంజీ ఎవరు? అమెరికాలో ఆఫ్రికా డోలు వాద్యానికి ఆయన చేసిన సేవ ఏమిటి?

నైజీరియాలో బడగ్రీ సమీపంలోని అజిదో అనే జాలరి పల్లెలో 1927లో పుట్టిన ఒలతుంజీ, పండుగలలోను, కర్మకాండలలోను మోగే సంప్రదాయ డోళ్ల మధ్య పెరిగారు. 1950లో రోటరీ విద్యార్థి వేతనంతో అట్లాంటాలోని మోర్‌హౌస్ కళాశాలకు వెళ్లినప్పుడు ఆయన లక్ష్యం సంగీతం కాదు, దౌత్యవృత్తి. అయితే ఆఫ్రికా గురించి తోటి విద్యార్థులకు ఉన్న అపోహలను తొలగించడానికి మొదలుపెట్టిన ప్రదర్శనలే ఆయనకు జీవనమార్గం అయ్యాయి. కొలంబియా రికార్డుల సంస్థ 1960లో విడుదల చేసిన ‘డ్రమ్స్ ఆఫ్ ప్యాషన్’ ఆల్బమ్ లక్షలాది శ్రోతలను చేరింది.

నా దృష్టిలో ఆయన అసలైన గొప్పతనం బోధనలో ఉంది. కుడిచేతికి గున్, గో, పా అనీ, ఎడమచేతికి డున్, డో, టా అనీ ఆయన పేర్లు పెట్టారు: అరచేత్తో చర్మం నడిమధ్య కొడితే పలికే లోతైన నాదం గున్, అంచు దగ్గర వేళ్లతో పలికేది గో, చురుకైన చరుపు పా. నోటితో పలకగలిగినదే చేత్తో వాయించాలన్న ఈ పద్ధతి, మృదంగ జతులు వల్లించిన మనవారికి వెంటనే బోధపడుతుంది.

న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో ఆయన నెలకొల్పిన సాంస్కృతిక కేంద్రానికి జాజ్ శాక్సోఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ అండగా నిలవడమే కాక, 1967 ఏప్రిల్‌లో అక్కడే కచేరీ చేశారు. ఒలతుంజీ 2003లో కాలిఫోర్నియాలో మరణించారు. అంతకు ముందు, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయక్‌రామ్ ఘటం పలికిన ‘ప్లానెట్ డ్రమ్’ ఆల్బమ్‌లో ఆయన గొంతూ డోలూ వినిపిస్తాయి.