ప్రార్థనకు నోరు పెగలని రోజుల్లో

ప్రశ్న: మా వారు 8 నెలల క్రితం క్యాన్సర్‌తో ప్రభువు సన్నిధికి చేరారు. ఆయన స్వస్థత కోసం మేము ఉపవాస ప్రార్థన చేయని వారం లేదు. అయినా మా ఇంట్లో విశ్వాసం చాలలేదని సంఘ పెద్ద ఒకరు అన్నారు. అప్పటి నుంచి, సాయంకాల ప్రార్థనలో అత్తయ్యగారు పాట ఎత్తుకోగానే నేను లేచి వంటగదిలోకి వెళ్లి, కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతున్నాను. మొన్న మా 11 ఏళ్ల బాబు, "అమ్మా, నాన్న కోసం మనం సరిగ్గా ప్రార్థన చేయలేదా?" అని అడిగాడు. నేనేమీ చెప్పలేకపోయాను. నేను దేవునికి దూరమైపోయానా?

జవాబు: మీ గురించి తరువాత మాట్లాడుకుందాం, ముందు మీ బాబు ప్రశ్నకు జవాబు అందాలి. పెద్దలు మౌనంగా ఉండిపోతే పిల్లలు ఆ తప్పు తమదేనని లోలోపల తీర్మానించుకుంటారు. కనుక వాడిని దగ్గర కూర్చోబెట్టుకుని, సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ప్రభువు తన శ్రమల గిన్నె తొలగిపోవాలని మూడుసార్లు ప్రార్థించిన సంగతీ, ఆ గిన్నె తొలగకపోయిన సంగతీ చెప్పండి. ఆయన ప్రార్థనలో లోపముందని ఎవరూ అనలేరు కదా, అలాగే నీ ప్రార్థనలోనూ లోపం లేదు నాన్నా అనండి. మరి నాన్న ఎందుకు చనిపోయారని వాడు అడిగితే, నాకూ తెలియదని ఒప్పుకోండి. తెలియని కారణాన్ని తెలిసినట్టు కల్పించి చెప్పడం కన్నా అదే వాడికి మేలు.

ఇక ఆ పెద్దమనిషి మాట. పుట్టుగుడ్డివాడిని చూసి, ఇది ఎవరి పాప ఫలమని శిష్యులు అడిగినప్పుడు, వాడిదీ కాదు, వాడి తల్లిదండ్రులదీ కాదని ప్రభువు చెప్పినట్టు యోహాను సువార్త 9వ అధ్యాయంలో ఉంది. పిల్లలనూ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న భక్తుడు యోబు స్నేహితులు మొదటి ఏడు రోజులూ నేలమీద అతని పక్కన మౌనంగా కూర్చున్నారు. వారు చేసిన మంచి పని అదొక్కటే అని నాకనిపిస్తుంది. నోరు తెరిచాక నీలోనే ఏదో దోషం ఉందని వాదించారు. చివరికి దేవుడు కోపించింది ఆ స్నేహితుల మీద, తనను అన్నేసి ప్రశ్నలతో నిలదీసిన యోబు మీద కాదు. ఆ పెద్దతో మీరు వాదనకు దిగనక్కరలేదు గాని, ఆ మాట మిమ్మల్ని ఎంత గాయపరిచిందో మీ పాస్టరు గారికి తప్పక చెప్పండి.

మీరు దూరమైపోయారా అంటే, నేను అలా అనుకోను. బైబిల్లోని 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలూ విలాపాలే. వాటిలో చాలా మట్టుకు చివరికి స్తుతివైపు మళ్లుతాయి గాని, 88వ కీర్తన మాత్రం చీకటి అన్న మాట దగ్గరే ఆగిపోతుంది, అయినా దాన్ని ఎవరూ పరిశుద్ధ గ్రంథం నుంచి తీసివేయలేదు. సొంత మాటలు రానప్పుడు దానినే చదివి ఊరుకోండి. దేవుని మీద కోపం వస్తే ఆ కోపాన్ని ఆయనతోనే చెప్పండి. ఆయన వినడని పూర్తిగా నమ్మినవారు ఆయనతో పోట్లాడరు.

మీరు రాయని విషయం ఒకటి నేనే అడుగుతున్నాను: నిద్ర పడుతోందా, అన్నం సహిస్తోందా? చావు కోరుకుని చెట్టుకింద పడుకున్న ఏలీయా ప్రవక్తకు దూత ముందుగా ఇచ్చింది ఉపదేశం కాదు, రొట్టె, నీళ్లు. వారాల తరబడి నిద్ర లేకపోయినా, బతకాలని అనిపించకపోయినా, ఆలస్యం చేయకుండా డాక్టరును కలవండి. మందు వేసుకోవడం అవిశ్వాసం కాదు.

మీ అత్తయ్యగారు పోగొట్టుకున్నది కడుపున పుట్టిన కొడుకును. మీరు గిన్నెలు కడుగుతున్నట్టే ఆవిడ పాట పాడుతున్నారేమో. ఈ సాయంత్రం ఆవిడ పాట ఎత్తుకున్నప్పుడు లేవకుండా పక్కన కూర్చుని చూడండి. మీరు గొంతు కలపనక్కరలేదు.