విదేశీ చదువుకు బయలుదేరే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

మూడు దేశాల విశ్వవిద్యాలయాలు నీకు ప్రవేశం ఇచ్చాయని, ఎక్కడికి వెళ్లాలో ఈ నెలలో తేల్చుకుంటావని మీ నాన్న చెప్పాడు. ఏమేం సర్దుకోవాలో జాబితా రాసి పంపమని నువ్వు అడిగావట. జాబితాలు ఎక్కడైనా దొరుకుతాయి. వాటిలో ఉన్నవన్నీ కొంటే రెండు పెట్టెలు నిండడమూ ఖాయమే. నేను పరాయి దేశంలో చదివి, ఆ తర్వాత చాలాకాలం అక్కడి విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల విభాగంలో పనిచేశాను కనుక, కొత్తగా దిగిన పిల్లలు దేనికి ఇబ్బంది పడతారో దగ్గర నుంచి చూశాను. దుప్పటి మరిచిపోయి అవస్థపడినవాళ్లు నాకు గుర్తు లేరు. కావలసిన కాగితం చేతిలో లేకనో, వాడే మందుకు వైద్యుడి చీటీ లేకనో, ఖాతాలో ఉన్న డబ్బు చేతికి అందకనో మొదటి రెండు వారాలు నలిగిపోయినవాళ్లు మాత్రం చాలామంది ఉన్నారు. అందుకే నా సలహా అంతా ఆ రెండు వారాల చుట్టూనే ఉంటుంది. దిగిన రోజు నుంచి పదిహేను రోజులు ఎవరి సాయం అందకపోయినా నెగ్గుకురాగలిగేలా సర్దుకో. మిగిలినవన్నీ అక్కడివాళ్లు కొనుక్కునే చోటే నువ్వూ కొనుక్కోవచ్చు.

అన్నిటికంటే ముందు కాగితాల పని మొదలుపెట్టు, ఎందుకంటే డబ్బు పెట్టినా తొందరగా కానిది అదొక్కటే. పాస్‌పోర్టు గడువు కోర్సు మధ్యలో ముగిసిపోయేలా ఉంటే ఇప్పుడే కొత్తది తీసుకో. చాలా దేశాలు ప్రవేశించే నాటికి కనీసం 6 నెలల గడువు మిగిలి ఉండాలని అడుగుతాయి, పైగా పరీక్షల మధ్య రాయబార కార్యాలయం చుట్టూ తిరగడం ఎవరికీ మంచిది కాదు. పాత పాస్‌పోర్టులో చెల్లుబాటయ్యే వీసా ఉంటే రెండింటినీ వెంట తీసుకువెళ్లాలి. జనన ధ్రువపత్రం, పట్టాలు, మార్కుల పత్రాలు విదేశంలో చెల్లడానికి కొన్నిచోట్ల అపోస్టిల్ ముద్ర (పత్రం అసలైనదేనని ప్రభుత్వం ధ్రువీకరించే ముద్ర) అవసరమవుతుంది. 1961 నాటి హేగ్ ఒప్పందం ప్రకారం సభ్యదేశాలు సాధారణంగా ఒకరి ముద్రను ఒకరు గుర్తిస్తాయి. కెనడా 2024 జనవరిలో ఆ ఒప్పందం పరిధిలోకి వచ్చింది కనుక, అంతకుముందు వెళ్లినవాళ్లు ఆ దేశం గురించి చెప్పే పద్ధతి నీకు వర్తించకపోవచ్చు. ఈ ముద్రను, పత్రం జారీ చేసిన దేశంలోనే వేయించుకోవాలి. అక్కడికి వెళ్లాక ఆ పని చేయించుకోవాలంటే అసలు పత్రాన్ని తిరిగి ఇంటికి పంపవలసి వస్తుంది.

అసలు పత్రాలన్నీ నీ చేతి సంచిలోనే ఉండాలి. ప్రవేశ పత్రం, ఆర్థిక ఆధారాలు, బస చిరునామా, బీమా పత్రం ఒకే ఫైలులో, అడిగిన వెంటనే తీయగలిగేలా పెట్టుకో. పెద్ద పెట్టె చేతికి వచ్చేది ఇమ్మిగ్రేషన్ అధికారిని దాటిన తర్వాతే. ప్రవేశ పత్రం ఆ పెట్టెలో ఉండిపోయి, అధికారి ముందు వట్టి చేతులతో నిలబడిన పిల్లలను చూశాను. ప్రతి పత్రానికీ ఒక నకలు ఇంట్లో ఉంచు, ఇంకొకటి స్కాన్ చేసి, ఫోను పోయినా తెరవగలిగే చోట దాచు.

ప్రయాణపు తేదీ నిర్ణయించే ముందు ఆ దేశపు నిబంధన చూసుకో. ఉదాహరణకు, అమెరికా కొత్త విద్యార్థులను కోర్సు ప్రారంభ తేదీకి 30 రోజులకు మించి ముందుగా రానివ్వదు. కెనడాలో అసలైన స్టడీ పర్మిట్‌ను (చదువుకునే అనుమతి పత్రాన్ని) సాధారణంగా దిగిన చోటే ముద్రించి ఇస్తారు. బ్రిటన్‌లో కార్డులకు బదులు ఇప్పుడు ఆన్‌లైన్ ఖాతాలో కనిపించే ఈ-వీసా నడుస్తోంది, కనుక బయలుదేరక ముందే ఆ ఖాతాలోకి ప్రవేశించి వివరాలు సరిచూసుకోవాలి. ఏ దేశమైనా సరే, నీ చేతికి ఇచ్చిన కాగితంలో పేరు, పుట్టిన తేదీ, గడువు తేదీ, పని చేసుకునే అనుమతి సరిగా ఉన్నాయో లేదో ఆ కౌంటరు దగ్గరే నిలబడి చదువు. వెనుక వరుసలో ఉన్నవాళ్లు విసుక్కున్నా పట్టించుకోకు. అక్కడ ఒక నిమిషంలో సరిదిద్దే తప్పు, బయటికి వచ్చాక నెలల తరబడి ఉత్తరప్రత్యుత్తరాలకు దారితీస్తుంది.

ఆరోగ్యం విషయంలో మూడు నెలల ముందు నుంచే సిద్ధం కావాలి. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా రెండు మోతాదులు వేసుకున్నట్లు ఆధారం చూపమంటాయి. ఆ రెండింటి మధ్య కనీసం 28 రోజుల వ్యవధి ఉండాలి కనుక చివరి వారంలో పరుగెత్తినా ఫలితం ఉండదు. బ్రిటన్ కొన్ని దేశాల నుంచి 6 నెలలకు మించి ఉండడానికి వచ్చేవారిని వీసా దరఖాస్తుకు ముందే క్షయ పరీక్ష చేయించుకోమంటుంది. పళ్లు, కళ్లు ఇప్పుడే చూపించుకో. విద్యార్థుల బీమాలో చాలావాటికి పంటి వైద్యం వర్తించదు. కళ్లద్దాలు వాడతావు కనుక రెండో జత, కంటి కొలతల చీటీ తప్పక ఉండాలి.

నువ్వు క్రమంగా వేసుకునే మందులున్నాయి కదా, వాటి గురించి కొంచెం ఎక్కువగా చెబుతాను. కంపెనీ పేరు దేశం మారితే మారిపోతుంది. అందుకే చీటీ మీద మందు అసలు రసాయన నామం, మోతాదు, ఏ జబ్బుకు వాడుతున్నావో స్పష్టంగా రాయించి వైద్యుడి సంతకం తీసుకో. మాత్రలను డబ్బాల్లోకి మార్చకుండా మందుల దుకాణంలో ఇచ్చిన అట్టలతోనే ఉంచు. ఒకచోట మామూలుగా దొరికే మందు ఇంకొకచోట నేరం కావచ్చు. జపాన్‌లో యాంఫెటమిన్ ఉన్న ఏకాగ్రత మందులను చీటీ ఉన్నా తీసుకురానివ్వరు, సూడోఎఫెడ్రిన్ శాతం ఎక్కువగా ఉన్న జలుబు మందులకూ నిషేధం ఉంది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో కోడీన్, ట్రమడాల్ వంటి నొప్పి మందులకు ముందస్తు అనుమతి కావాలి. అక్కడ విమానం మారేటప్పుడు కూడా ఈ సంగతి మరవకూడదు. ఇన్సులిన్ వంటివి చేతి సంచిలోనే పెట్టుకోవాలి, ఎందుకంటే సామాను ఉంచే అడుగు భాగంలో చలికి అవి పాడయ్యే ప్రమాదం ఉంది. విమానంలోకి ద్రవాలు 100 మిల్లీలీటర్ల సీసాల్లోనే తీసుకురావాలన్న నియమం ఉన్నచోట కూడా, తనిఖీలో ముందే చెబితే అవసరమైన మందులకు మినహాయింపు ఇస్తారు.

డబ్బు ఖాతాలో ఉంటే చాలదు, దిగిన రోజు అందుబాటులో ఉండాలి. ఖర్చులకు డబ్బు ఉందనడానికి ఆధారంగా జర్మనీకి వెళ్లే విద్యార్థులు చూపించే బ్లాక్డ్ అకౌంటును (ముందే జమచేసి, నెలకింత మాత్రమే తీసుకోగలిగే ఖాతాను) చూడు: 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు అందులో వేయమంటున్నారు, కానీ నెలకు 992 యూరోల చొప్పున మాత్రమే, అదీ నువ్వు వెళ్లి ఖాతాను వాడుకలోకి తెచ్చుకున్న తర్వాతే విడుదలవుతాయి. అక్కడ బ్యాంకు ఖాతాకు చిరునామా నమోదు కావాలి, నమోదుకు ఇంటి యజమాని ఇచ్చే ధ్రువీకరణ కావాలి. ఇంట్లో దిగిన 2 వారాల్లోగా ఆ నమోదు చేయించాలని చట్టం. ఈ ముడులన్నీ విడివడేదాకా బాడుగ, తిండి, ప్రయాణం వేరే డబ్బుతో గడవాలి కనుక, విదేశంలో పనిచేసే కార్డులు రెండు వేర్వేరు బ్యాంకులవి ఉంచుకొని, కొంత నగదు కూడా తీసుకువెళ్లు. నగదు ఎక్కువ ఉంటే నేరమని కొందరు భయపెడతారు. అమెరికాలో 10,000 డాలర్లు దాటితే, యూరోపియన్ యూనియన్‌లో 10,000 యూరోలు లేదా అంతకు మించి ఉంటే ప్రకటించాలన్నదే నియమం, దాచిపెట్టడమే తప్పు.

డబ్బుతో ముడిపడిన మరో విషయం ఫోను నంబరు. ఇంటి దగ్గరి బ్యాంకు పంపే ఓటీపీ పాత నంబరుకే వస్తుంది. ఆ నంబరుకు రోమింగ్ సౌకర్యం పెట్టించి, కనీస రీఛార్జి ఆగకుండా చూసుకో. లేకపోతే కొంతకాలానికి ఆ నంబరు వేరొకరికి వెళ్లిపోతుంది. నువ్వు లేనప్పుడు బ్యాంకులోనో, విశ్వవిద్యాలయంలోనో నీ తరఫున సంతకం చేయడానికి మీ నాన్నకు పరిమితమైన అధికార పత్రం రాసిచ్చి వెళ్లడమూ మంచిదే.

విద్యుత్ పరికరాల దగ్గర చాలామంది పొరబడతారు. అడాప్టర్ ప్లగ్గు ఆకారాన్ని మారుస్తుందే తప్ప వోల్టేజీని మార్చదు. జపాన్‌లో 100, అమెరికాలో 120, యూరప్‌లో 230 వోల్టులు ఉంటాయి. ల్యాప్‌టాప్, ఫోను ఛార్జర్ల మీద 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే అవి ఎక్కడైనా పనిచేస్తాయి. ఇస్త్రీపెట్టె, జుట్టు ఆరబెట్టే యంత్రం, వంట పాత్రల వంటి వేడిచేసే పరికరాలు అలా కాదు. 230 వోల్టులకు చేసినదాన్ని 120 మీద పెడితే సుమారు పావు వంతు శక్తితోనే నడుస్తుంది, 120కి చేసినదాన్ని 230 మీద పెడితే కాలిపోతుంది. వాటి జోలికి పోవద్దు. పవర్ బ్యాంకు, విడి బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో పెడితే తీసేస్తారు. 100 వాట్-అవర్ల వరకు అనుమతి అక్కరలేదు. 20,000 మిల్లీఆంపియర్-అవర్ల పవర్ బ్యాంకు సుమారు 74 వాట్-అవర్లే.

బట్టల గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. పది రోజులకు సరిపడా, ఒకదాని మీద ఒకటి వేసుకోగలిగేవి చాలు. చలి దేశమైతే బరువైన కోటు అక్కడి వాతావరణానికి తగ్గట్టు అక్కడే కొనుక్కో. ఇంకొకరి మూటల విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి. నువ్వు వెళ్తున్నావని తెలియగానే తెలిసినవాళ్లు ఏదో ఒక పొట్లం తమవాళ్లకు ఇవ్వమంటారు. మొహమాటపడకు. నీ చేతులతో సర్దనిది, లోపల ఏముందో నీకు తెలియనిది ఎంత దగ్గరివాళ్లు ఇచ్చినా తీసుకోవద్దు, ఎందుకంటే కస్టమ్స్ అధికారికి జవాబు చెప్పవలసింది సంచి ఎవరిదో వారే. కాదనలేని సందర్భం వస్తే ఆ నింద నా మీద వేయి, అత్తయ్య వద్దన్నదని చెప్పు.

తినేవి తీసుకువెళ్లేటప్పుడు ఆ దేశపు నియమాలు చదువు. యూరోపియన్ యూనియన్ బయటి దేశాల మాంసాన్ని, పాల పదార్థాలను ప్రయాణికుల సంచుల్లో రానివ్వదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ విత్తనాలు, పళ్లు, కలప వస్తువుల విషయంలో మరీ కఠినంగా ఉంటాయి. అనుమానం ఉన్న ప్రతిదీ ప్రకటించు. ప్రకటిస్తే మహా అయితే తీసి పారేస్తారు, దాస్తే జరిమానా వేస్తారు.

బరువు విషయంలో టికెట్టు మీద రాసినదే ప్రమాణం. ఎకానమీలో ఒక్కో పెట్టెకు 23 కిలోలని చాలా విమాన సంస్థలు అంటాయి, 32 కిలోలు దాటిన ఒక్క పెట్టెను దాదాపు ఎవరూ తీసుకోరు. వేర్వేరు టికెట్లతో రెండు సంస్థల విమానాలు ఎక్కితే రెండో సంస్థ నియమం వేరుగా ఉండవచ్చు. అమెరికాలో మొదట దిగిన విమానాశ్రయంలోనే సాధారణంగా పెట్టెలు తీసుకుని మళ్లీ అప్పగించాలి కనుక, అక్కడ మారడానికి తగిన వ్యవధి ఉంచు. బయలుదేరే ముందు పెట్టెల ఫొటోలు తీసుకో. పెట్టె రాకపోతే విమానాశ్రయం వదలక ముందే ఫిర్యాదు రాయించాలి. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తించే ప్రయాణాల్లో, పెట్టె పాడైతే 7 రోజుల్లో, ఆలస్యంగా చేరితే అందిన నాటి నుంచి 21 రోజుల్లో రాతపూర్వకంగా అడగాలి. ఒక జత బట్టలు, మూడు రోజుల మందులు చేతి సంచిలో ఉంటే ఆ ఎదురుచూపు భరించగలవు.

బస కుదరలేదని కంగారుపడి, చూడని ఇంటికి అడ్వాన్సు పంపకు. మొదటి రెండు వారాలకు విశ్వవిద్యాలయం వసతిగృహమో, తాత్కాలిక గదో చూసుకొని, ఇల్లు కళ్లారా చూశాక ఒప్పందం చేసుకో. రాత్రి దిగేలా ఉంటే, ఫోను పనిచేయకపోయినా గది చేరుకునే దారి, తాళం ఎవరి దగ్గర తీసుకోవాలో కాగితం మీద రాసి పెట్టుకో.

దేశం ఖరారు కాగానే టికెట్టు కొనకముందు నాకు రెండు పంపు: నువ్వు వాడే మందుల రసాయన నామాలు, విశ్వవిద్యాలయం ఇచ్చిన రిపోర్టింగ్ తేదీ. ఆ రెండూ చూశాక ప్రయాణం ఏ వారంలో పెట్టుకోవాలో మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
నీ మేనత్త