మా పాపకు వండర్ వుమన్ పిచ్చి, ఇంట్లో పెద్దవాళ్లు వద్దంటున్నారు. ఏం చేయమంటారు?

మీ ప్రశ్న చదవగానే మా ఇల్లే కళ్ల ముందు కనిపించింది. ఎనిమిదేళ్ల పాప నోటుపుస్తకాల నిండా వండర్ వుమన్ బొమ్మలు గీస్తోందని, మీ అత్తగారు "మనకు దుర్గమ్మ లేదా, సత్యభామ లేదా, ఆ పొట్టి బట్టల దొరసాని ఎందుకు" అంటున్నారని, ఎవరికి ఏం చెప్పాలో తెలియక మీకు టెన్షన్‌గా ఉందని రాశారు. నా మాట అయితే, ఆ సినిమాలు చూపించండి. కానీ పక్కన కూర్చుని చూపించండి. ఎందుకు కూర్చోమంటున్నానో తెలియాలంటే మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి.

మాది ఒడిశాలోని బరంపురం. ఇచ్ఛాపురం నుంచి సరిహద్దు దాటి వస్తే ఇక మా ఊరే. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో అన్నీ కలిపి. మాది మగ్గం ఇల్లు. ఇప్పుడు మగ్గం ఆగిపోయింది గానీ మా అమ్మా పెద్దమ్మా పక్క ఇళ్లవాళ్లకు ఇప్పటికీ దారం కండెలు చుట్టి ఇస్తారు, నేను ఒక బట్టల కొట్టులో లెక్కలు రాస్తాను. వాళ్లిద్దరూ, నేనూ, నా కూతురూ, అంతే ఇంట్లో. పాపకు రెండేళ్లప్పుడు వాళ్ల నాన్న సూరత్‌కు పవర్‌లూమ్ పనికి వెళ్లాడు, మా గంజాం జిల్లా నుంచి అంతమంది వెళ్తారు కదా, అలాగే. మొదట్లో ఫోన్లు చేశాడు, డబ్బులు పంపాడు, తర్వాత పండక్కి రావడం మానేశాడు, ఆ తర్వాత అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడని తెలిసింది. పాపకు మాత్రం "నాన్నకు సెలవు దొరకడం లేదమ్మా" అనే చెబుతూ వచ్చాను. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ ఇక్కడికే వస్తాను.

మీ అత్తగారి ప్రశ్న తేలిగ్గా తీసేయాల్సింది కాదు. మా పెద్దమ్మ కూడా సరిగ్గా అదే అడిగింది. ఆవిడకు చెప్పడం కోసమే నేను ఈ బొమ్మ పుట్టుక గురించి చదవడం మొదలుపెట్టాను. వండర్ వుమన్‌ను సృష్టించినవాడు విలియం మౌల్టన్ మార్స్టన్ అనే అమెరికన్ సైకాలజిస్టు. మొదటి బొమ్మలు వేసింది హెచ్.జి. పీటర్. 1941 చివర్లో ఆమె మొదటిసారి కామిక్స్‌లో కనిపించింది, 1942లో సొంత పత్రికే వచ్చింది. ఈ మార్స్టన్ ఎవరంటే, అబద్ధం ఆడేటప్పుడు మనిషి రక్తపోటు మారుతుందని ప్రయోగాలు చేసినవాడు, ఇప్పటి లై డిటెక్టర్‌కు ముందు మెట్టు వేసినవాళ్లలో ఒకడు. అలాంటివాడు తన కథానాయిక చేతికి కత్తి కాకుండా బంగారు తాడు ఇచ్చాడు! మొదటి కథల్లో ఆ తాడుకు చిక్కినవాళ్లు ఆమె చెప్పినట్టు వినాల్సిందే, నిజం చెప్పించడమే దాని అసలు శక్తి అన్నది తర్వాత తర్వాత స్థిరపడింది. ఆమె చేతులకు ఉండే వెడల్పాటి కడియాలు మార్స్టన్, ఆయన భార్యతో పాటు అదే ఇంట్లో ఉన్న ఆయన సహచరి ఓలివ్ బర్న్ వేసుకునే కడియాలు చూసి పెట్టినవి. మా పెద్దమ్మకు ఈ ముక్క బాగా నచ్చింది. ఇంట్లో ఆడమనిషి చేతినున్న వస్తువే కథలోకి వెళ్లింది కదా.

ఇక గ్రీకు కథల సంగతి. వండర్ వుమన్ అమెజాన్లు అనే ఆడ యోధుల జాతి పిల్ల. అసలు గ్రీకు పురాణాల్లో ఈ అమెజాన్ వీరవనితలు గొప్పగా యుద్ధం చేస్తారు, చివరికి ఎవరో ఒక వీరుడి చేతిలో ఓడిపోతారు. హెరాక్లీస్ వచ్చి హిప్పోలిటా నడికట్టు పట్టుకెళ్తాడు, థీసియస్ ఆంటియోపీని ఎత్తుకెళ్తాడు, ట్రాయ్ యుద్ధంలో పెంథెసిలియాను అకిలీస్ చంపుతాడు. మనకు ప్రమీల కథ ఉంది కదా, అర్జునుడు అశ్వమేధ గుర్రం వెంట ఆడవాళ్ల రాజ్యానికి వెళ్లడం, అదీ చివరికి పెళ్లితోనే ముగుస్తుంది. మార్స్టన్ చేసిన పని ఏమిటంటే, ఆ ఓడిపోయిన ఆడవాళ్లను తీసుకొచ్చి ఒక దీవిలో బతికించాడు. హెర్క్యులిస్, అంటే ఆ హెరాక్లీసే, మోసం చేసి సంకెళ్లు వేశాడని, ఆ సంగతి మర్చిపోకుండా ఉండటానికే కడియాలు వేసుకుంటారని రాశాడు. కాబట్టి ఆవిడ మన దుర్గమ్మకు పోటీ కాదండీ. దుర్గమ్మకు శివుడు శూలం ఇచ్చాడు, విష్ణువు చక్రం ఇచ్చాడు, హిమవంతుడు సింహాన్ని ఇచ్చాడు, ఆవిడ దేవతలందరి తేజస్సు. సత్యభామ అయితే నరకుడితో యుద్ధంలో ఒక చూపు శత్రువు మీద కోపంగా, మరో చూపు కృష్ణుడి మీద ప్రేమగా నిలిపిందని పోతనగారు వర్ణించారు, అంత అందం నాకు ఇంకెక్కడా దొరకలేదు. డయానా, అంటే వండర్ వుమన్ అసలు పేరు, ఆమె కథ వేరు. ఆమెను కన్నదీ పెంచిందీ నేర్పిందీ అందరూ ఆడవాళ్లే. మా ఇంట్లో పెరుగుతున్న పిల్లకు ఆ కథ ఎందుకు అంతగా పట్టిందో నాకు ఆలస్యంగా అర్థమైంది.

పాత కామిక్స్ ప్రకారం హిప్పోలిటా రాణి బిడ్డ కావాలని మట్టితో ఆడపిల్ల బొమ్మ చేసుకుంటుంది, దానికి ప్రాణం వస్తుంది, ఆ పిల్లే డయానా. ఇది చెప్పగానే మా పాప "గణపతి లాగానా?" అంది. పార్వతమ్మ నలుగుపిండితో బొమ్మ చేసి ప్రాణం పోసిన కథ దానికి ప్రతి చవితికీ వినడం అలవాటు. "మరి ఈ పాప తల ఎవరూ నరకలేదా?" అని అడిగింది. లేదమ్మా, ఆ దీవిలో మగవాళ్లు ఉండరు అన్నాను. దాని ముఖంలో వచ్చిన వెలుగు చెప్పలేను. ఆ రోజు నుంచి అమ్మ ఒక్కతే చేసుకున్న పాప అని తన బొమ్మలన్నిటి కింద రాసుకునేది.

తర్వాత 2017లో వచ్చిన సినిమా చూపించాను, హిందీలో. ప్యాటీ జెంకిన్స్ డైరెక్షన్, గాల్ గడోట్ నటించింది, ప్రపంచమంతా కలిపి 80 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. దీవిలో జరిగే మొదటి భాగం, చిన్న డయానా పిన్ని ఆంటియోపీ దగ్గర యుద్ధం నేర్చుకోవడం, మా పాప ఊపిరి బిగబట్టి చూసింది. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధంలోకి వెళ్తుంది కథ. కందకంలోంచి నిచ్చెన ఎక్కి, మెషిన్‌గన్ గుళ్లన్నీ డాలు మీద కాచుకుంటూ డయానా ఒక్కతే ముందుకు నడిచే సీన్ దగ్గర మా అమ్మ కూడా కండె పక్కన పెట్టేసింది. ఆ సీన్‌లో ఆమె మొదట ఎవరినీ కొట్టదు, గుళ్లు తన మీదికి మళ్లించుకుంటుంది, వెనక ఉన్నవాళ్లు అప్పుడు కదులుతారు. నేను చూసిన యుద్ధం సీన్లలో అంత నచ్చింది ఇంకొకటి లేదు.

కానీ చివర్లో యుద్ధ దేవుడు ఏరీస్ వచ్చి, నువ్వు మట్టి బొమ్మవి కాదు, గ్రీకు దేవుళ్ల రాజు జ్యూస్ కూతురివి అని చెప్పేస్తాడు. ఈ మార్పు సినిమావాళ్లు కొత్తగా చేసింది కాదు, 2011లో కామిక్స్ వాళ్లే కథ మార్చారు. నాకు ఇది అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. అమ్మ చేతులతో చేసిన బిడ్డ అన్న ఒక్క మాటలో ఉన్న బలం, తండ్రి పెద్ద దేవుడు అనగానే పోయింది. తండ్రి దేవుడైన కథలు మనకు వందున్నాయి, అమ్మ ఒక్కతే చేసుకున్న ఆడపిల్ల కథ మాత్రం ఒక్కటే ఉండేది.

మా పాప మాత్రం వేరేది పట్టుకుంది. "అయితే వాళ్లమ్మ అబద్ధం చెప్పిందా?"

బిడ్డకు ప్రమాదం రాకూడదని దాచిపెట్టింది అన్నాను. కాసేపు ఊరుకుని, "ఆ తాడు వాళ్లమ్మకు కట్టొచ్చా?" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ ప్రశ్న నన్ను ఉద్దేశించి అడిగిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు, అడిగి తెలుసుకోవాలని కూడా లేదు. ఆదివారం పొద్దున జడ వేస్తూ చెప్పేశాను, నాన్నకు సెలవు దొరక్క కాదమ్మా, నాన్న ఇక రాడు, అక్కడ ఇంకో ఇల్లు పెట్టుకున్నాడు అని. జడ వేస్తూ ఎందుకంటే ముఖం చూస్తూ చెప్పే ధైర్యం లేకపోయింది. అది ఏడ్చింది. "అమ్మమ్మకు తెలుసా?" అని అడిగింది, తెలుసు అన్నాను. "పెద్ద అమ్మమ్మకు?" తెలుసు అన్నాను. అందరికీ తెలిసి నాకే తెలియదా అని రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు మా అమ్మ పక్కలో పడుకుని ఆవిడనే అన్నీ అడిగిందట, నన్ను అడగలేదు. దానికి నాకు బాధేసింది, కానీ అది దాని హక్కు. ఇప్పుడు మా మధ్య ఆ సెలవు మాట లేదు. పక్కన కూర్చుని చూడండి అన్నది ఇందుకే. మీ ఇంట్లో వచ్చే ప్రశ్న వేరుగా ఉంటుంది, ఏదో ఒకటి మాత్రం వస్తుంది.

ఇక బట్టల సంగతి. మా ఊళ్లో రెండేళ్లకోసారి బుడి ఠాకురాణి యాత్ర జరుగుతుంది. అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టు దేశిబెహరా వీధికి వస్తుంది, రాత్రుళ్లు ఘటాలు వీధులన్నీ తిరుగుతాయి, మొక్కుకున్నవాళ్లు వేషాలు కడతారు, పిల్లలూ పెద్దలూ. మా పాపకు జ్వరం తగ్గాలని పెద్దమ్మ మొక్కుకుంది కాబట్టి మొన్నటి యాత్రకు వేషం కట్టాలి. వండర్ వుమన్ వేషమే కావాలని అది కూర్చుంది. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే వచ్చిన డ్రెస్సు చూసి నాకే మనసొప్పలేదు, పల్చటి గుడ్డ, వంటికి గుచ్చుకునే ప్లాస్టిక్ అంచులు, ఒక్క గంటలో ఒళ్లంతా ఎర్రబడింది. మీ అత్తగారి అభ్యంతరం కూడా వింత కాదు, 2016 అక్టోబర్‌లో ఐక్యరాజ్యసమితి ఈమెను ఆడవాళ్ల, ఆడపిల్లల సాధికారతకు గౌరవ రాయబారిగా పెడితే, అక్కడి ఉద్యోగులే ఆ బట్టలు చూసి నిరసన తెలిపారు, డిసెంబర్‌లో ఆ గౌరవం ముగిసిపోయింది. ఆ బట్టలు కూడా ఎప్పుడూ ఒకేలా లేవు. 1968లో అయితే ఆమె శక్తులన్నీ తీసేసి మామూలు బట్టలు కట్టించి, బట్టల దుకాణం కూడా పెట్టించారు. 1973కు మళ్లీ పాత రూపం వచ్చింది.

మా పెద్దమ్మ తేల్చేసింది. "మొక్కింది అమ్మవారికి, అమ్మవారి ముందు మన వేషమే కట్టాలి. బడిలో నీ ఇష్టం." పాప సత్యభామ వేషానికి ఒప్పుకుంది, ఒక్క షరతు మీద, చేతికి కడియాలు తనవే ఉండాలని. పెద్దమ్మ పాత పట్టుచీర కుంభం అంచు ముక్కలు తీసి, లోపల అట్ట పెట్టి, మోచేయి దగ్గరిదాకా వచ్చేలా రెండు కడియాలు కుట్టింది. జరీ ఇంకా మెరుస్తోంది. విల్లు పట్టుకుని, ఆ కడియాలు రెండూ ఎదురుగా అడ్డం పెట్టి మా పాప వీధిలో నిలబడితే ఎవరూ వింతగా చూడలేదు. బడిలో ఫంక్షన్‌కు కూడా అవే వేసుకుంది, ఎర్ర బ్లౌజు, నీలం లంగా, నడుముకు మగ్గం తాడు.

ఎనిమిదేళ్ల పాపకు 2017 సినిమా మొత్తం ఒకేసారి వద్దు. విషవాయువుతో ఊరు ఊరంతా చనిపోయే సీన్ ఉంది, అక్కడ ఆపేయండి, మా పాప దానికి రెండు రాత్రులు భయపడింది. 2020లో వచ్చిన రెండో సినిమా నాకు అంతగా నచ్చలేదు, కానీ దాని మొదటి పది నిమిషాలు తప్పకుండా చూపించండి. పెద్దవాళ్లతో పోటీలో చిన్న డయానా గుర్రం మీంచి పడిపోయి, అడ్డదారిన వచ్చి, గెలిచేదే అనగా పిన్ని వచ్చి పట్టుకుని ఆపేస్తుంది. మీ అత్తగారిని కూడా అక్కడి నుంచే కూర్చోబెట్టండి. మా పెద్దమ్మ సరిగ్గా అక్కడే "ఆ పిన్ని చేసింది న్యాయం" అంది, ఆ తర్వాత బట్టల గురించి ఇంకో మాట అనలేదు.